పదిన్నర కిలోలు: మా బడి పళ్లెంలోకి మా ఊరి కూర వచ్చిన కథ

2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది గుర్తుందా? ఆ నెలలోనే మా బడిలో ఇదంతా మొదలైంది. నేను సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ వైపు ఒక పల్లెలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో బయాలజీ చెబుతాను. మధ్యాహ్న భోజనం బాధ్యత కూడా నాదే. రోజూ పిల్లల కంటే ముందు రుచి చూడటం, రిజిస్టర్ రాయడం, బియ్యం బస్తాలు లెక్కపెట్టడం. అప్పటిదాకా నా పని అంతే అనుకున్నాను.

ఆ రోజు సాంబారులో గంటె తిప్పితే పసుపు నీళ్లే తిరిగాయి. అడుగున నాలుగు ఆలుగడ్డ ముక్కలు. పెద్ద వంటామెను అడిగాను, "ఇదేందక్కా?" అని. ఆమె కోప్పడలేదు. "టమాట పట్టుకుంటే కాలుతుంది మేడం. ఏం కొనాలె?" అంది.

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మనిషికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె పెట్టాలని నిబంధన. 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలని దాని లెక్క. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. మిగతా వాటికి, అంటే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, కారం, గ్యాస్ అన్నింటికీ కలిపి అప్పట్లో ఒక్కొక్కరికి 8 రూపాయల 17 పైసలు. గుడ్డు డబ్బు వేరు. తొమ్మిది, పది తరగతుల రేటు వేరే అయినా, లెక్క తేలిక కోసం మా 140 మందికీ ఇదే రేటు వేసుకున్నాను. రోజుకు 1,144 రూపాయలు. కందిపప్పు 4 కిలోల 200 గ్రాములు కావాలి, దానికే ఆరు వందల పైన. నూనె కిలోకు నూరు. మిగిలిన నాలుగు వందల్లో గ్యాస్, ఉప్పు, చింతపండు పోను కూరగాయలు కొనాలి. ఎన్ని? 140 మందికి 75 గ్రాముల చొప్పున పదిన్నర కిలోలు.

ఆ రోజు సాంబారులో పడింది మూడు కిలోలు కూడా లేదు.

మరునాడు పొద్దున్నే వంటగదికి వెళ్లి ఈ లెక్క చెప్పాను. తప్పు పట్టడానికి కాదు, ఏం చేద్దామని అడగడానికి. పెద్ద వంటామె 2003 జనవరి నుంచి బడి పిల్లలకు వండుతోంది. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడుల్లో పొయ్యి వెలిగించింది ఆ 2003 జనవరిలోనే. అంటే ఇరవై ఏళ్లు. మా బడిలో ఆమెకంటే పాతవాళ్లు ఎవరూ లేరు. ఆమె అన్న మాట ఇది: "టమాట లేకుంటే పప్పు ఉడకదా మేడం? మా చిన్నప్పుడు టమాట ఎవరు చూసిండ్రు? పుంటికూర ఏస్తే అదే పులుపు. నా చెల్క గట్టు మీద మోకాలెత్తు ఉంది."

ఆ బుధవారం ఆకుకూర పప్పు రోజు. ఆమె రెండు పెద్ద మూటల పుంటికూర, అంటే గోంగూర, తెచ్చింది. పప్పులో వేసి, ఎల్లిగడ్డ దంచి పోపు పెట్టారు. పిల్లలు రెండోసారి పప్పు అడగడం ఆ సంవత్సరంలో నేను చూడటం అదే మొదటిసారి. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు "మా నానమ్మ చేసినట్టుంది టీచర్" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఊళ్లో ప్రతి ఇంటి వెనకా ఉన్న కూర, ఇరవై కిలోమీటర్ల అవతలి మార్కెట్ నుంచి వచ్చే ఆలుగడ్డ కంటే మా బడికి దూరమైపోయింది. ఎందుకు?

నేను మొదట అనుకున్నది, ఎవరికీ పట్టింపు లేక అని. అది పూర్తిగా తప్పు. వారం రోజులు వంటగదిలో ఖాళీ పీరియడ్లు గడిపితే అసలు సంగతి అర్థమైంది.

మొదటిది చేతిపని. పుంటికూర కట్టలు పది కిలోలు తెస్తే, కాడలు తీసేసరికి ఆకు సగమే మిగులుతుంది. ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఆకు తెంపి, గడ్డి ఏరి, మూడు నీళ్లు కడగడానికి గంటన్నర పట్టింది. గడియారం పెట్టుకుని చూశాను. ఆలుగడ్డలైతే ఇరవై నిమిషాల్లో ముక్కలైపోతాయి. మా బడి సంఖ్యకు ముగ్గురే వంటవాళ్లు ఉండాలని నిబంధన. మొదటి 25 మందికి ఒకరు, వంద వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఒకరు. ఈ లెక్కలో ఆలుగడ్డలు కోయడానికీ, ఆకు ఏరడానికీ తేడా లేదు. పన్నెండున్నరకు గంట కొట్టేస్తారు. బియ్యం కడగాలి, గంజులు తోమాలి, నీళ్లు మోయాలి. వాళ్లకు అందే గౌరవ వేతనం ఎంత తక్కువో అందరికీ తెలుసు. ఇంత చేసేవాళ్లను "ఆకుకూర ఎందుకు వండట్లేదు" అని నిలదీయడానికి నాకు నోరు రాలేదు. గోడ మీది మెనూలో వారానికి రెండు రోజులు ఆకుకూర పప్పు అని రాసి ఉంటుంది. ఆ ఆకు ఎవరు తెంపాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

రెండోది ఉద్దెర. బిల్లులు రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి. అప్పటిదాకా వంటామెలు పట్నంలో ఒక కిరాణా దుకాణంలో ఉద్దెర పెట్టి సామాను తెస్తారు. కూరగాయలు కూడా ఆ దుకాణంవాడు ఏవి ఇస్తే అవే. చెడిపోకుండా వారం నిలిచేవే ఇస్తాడు కాబట్టి ఆలుగడ్డ, క్యాబేజీ, ఉల్లిగడ్డ. మా ఊళ్లో అరెకరంలో కూరగాయలు వేసే రైతు మూడు నెలలు ఉద్దెర ఇవ్వగలడా? పొద్దున తెంపితే సాయంత్రానికి చేతిలో పైసలు పడితేనే వాళ్ల ఇల్లు గడుస్తుంది. ఊరి కూర బడికి రాకపోవడానికి సగం కారణం ఇదే.

మూడోది, రోజూ ఒకే మనిషి దగ్గర పదిన్నర కిలోలు దొరకదు. ఒకరి దగ్గర నాలుగు కిలోల వంకాయ ఉంటుంది, ఇంకొకరి దగ్గర మూడు సొరకాయలు. పోగుచేసేవాళ్లు కావాలి.

ఈ మూడింటిలో డబ్బు సంగతి ముందు తేలాలని అనిపించింది. వారానికి కూరగాయలకు పదహారు వందల దాకా అవుతాయి. మూడు నెలలకు సుమారు ఇరవై వేలు చేతిలో ఉంటే, బిల్లు వచ్చేదాకా రైతుకు ఏ వారం డబ్బు ఆ వారం ఇచ్చేయవచ్చు. బిల్లు రాగానే మళ్లీ పెట్టెలో వేయాలి. మేం టీచర్లం తొమ్మిది మందిమి తలా కొంత వేసుకుంటే పదకొండు వేలైంది. మిగతాది ఊరి మహిళా సంఘం ఇచ్చింది. సంఘం మీటింగులో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు, అవి న్యాయమైనవే. "బిల్లు రాకపోతే?" "మీకు ట్రాన్స్‌ఫర్ అయితే?" అందుకే డబ్బు నా దగ్గర ఉంచుకోలేదు. సంఘం పుస్తకంలో వేరే పేజీ తెరిచి, వంటామె, సంఘం కోశాధికారి, హెచ్ఎం సార్ ముగ్గురి సంతకాలతో నడపాలని రాసుకున్నాం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: డబ్బు టీచర్ పర్సులో ఉండకూడదు.

బ్రెజిల్‌లో 2009లో ఒక చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గర నేరుగా కొనాలని అప్పుడు అందులో పెట్టారు. దాని గురించి చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. మేం తొమ్మిది మందిమి పైసా పైసా పోగేసి చేసింది అక్కడ చట్టంలోనే ఉంది. మన దగ్గరా అలా ఉంటే ఏ టీచరూ చందాలు వేయనక్కర్లేదు, ఏ వంటామె కూడా ఉద్దెర పుస్తకం చేతిలో పట్టుకుని దుకాణం ముందు నిలబడనక్కర్లేదు.

డబ్బు తేలాక పిల్లలతో ఊరు తిరిగాం. తొమ్మిదో తరగతి పిల్లలు నాలుగు గుంపులై, ఎవరి చేనులో ఏ నెలలో ఏం కాస్తుందో రాసుకొచ్చారు. పాఠంలో భాగంగానే చేశాం, ప్రాజెక్టు మార్కులు కూడా వేశాను. పెద్ద డ్రాయింగ్ షీటు మీద నెలలు, పంటలు రాస్తే నాకే ఆశ్చర్యమేసింది. జూలై, ఆగస్టుల్లో పుంటికూర, బెండ, సొర, బీర. దసరా దాటాక చిక్కుడు, వంకాయ, టమాటా, పాలకూర, మెంతికూర. ఫిబ్రవరి దాకా వాటికి లోటుండదు. విత్తకుండానే చేలల్లో మొలిచే గంగవాయిలి కూర, తుమ్మికూర, పొన్నగంటి కూర వేరే జాబితా. వాటిని గుర్తుపట్టడంలో పిల్లలకంటే వాళ్ల నానమ్మలే మేలు. ఇద్దరు ముసలమ్మలు బడికి వచ్చి ఏది తినదగిన కూర, ఏది కాదు, ఆకులు పక్కపక్కన పెట్టి చూపించారు. అయితే చేలల్లో ఏరిన కూరను గుంపు వంటలో వాడొద్దని నేనే నిర్ణయించాను. ఒక్క తప్పు ఆకు పడినా 140 మంది పిల్లలు. పైగా కలుపు మందు కొట్టిన చేను ఏదో పిల్లలకు తెలియదు. విత్తి పెంచినవే తీసుకున్నాం.

మందుల విషయంలో ఒక రైతుతో ఇబ్బంది పడ్డాను. మంచి వంకాయలు, నిగనిగలాడుతున్నాయి. మాటల్లో ఆయనే చెప్పాడు, ముందు రోజు సాయంత్రమే పురుగుమందు కొట్టానని. నేను వద్దన్నాను. ఆయన చాలా బాధపడ్డాడు. "మా ఇంట్ల మేం గూడ ఇవే తింటం మేడం" అన్నాడు. అది నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది. మందు డబ్బా మీదో, దాంతో వచ్చే కాగితంలోనో, కొట్టిన ఎన్ని రోజుల దాకా కోయకూడదో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చీమలంత. ఆయన డబ్బా తెప్పించి, పిల్లల చేత పెద్దగా చదివించాం. ఆ తర్వాత బడికి కూర ఇచ్చేవాళ్లు మందు కొట్టిన తేదీ మాకు చెప్పాలని ఒప్పందం పెట్టుకున్నాం. ఇద్దరు మానేశారు. ఆయన మాత్రం మానలేదు. ఇప్పుడు బడికిచ్చే రెండు సాళ్లకు వేపగింజల కషాయమే కొడుతున్నాడు. దిగుబడి కొంచెం తగ్గిందని చెబుతాడు, నిజమే. అందుకే ఆ వంకాయకు కిలో మీద రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నాం.

ఆకు తెంపే పనికి మార్గం వంటామెలే చెప్పారు. కట్టలుగా కాకుండా, కాడ తీసిన ఆకు తెచ్చి ఇచ్చేవాళ్లకు కిలోకు పది రూపాయలు ఎక్కువ ఇద్దామన్నారు. ఊళ్లో కూలికి పోలేని పెద్దవయసు ఆడవాళ్లు ముగ్గురు ఆ పనికి ముందుకొచ్చారు. సాయంత్రం తెంపిన ఆకును కుప్ప పోస్తే లోపల వేడెక్కి పసుపు పచ్చగా మారుతుంది. మొదటి వారం అలా నాలుగు కిలోలు పాడైంది. తడిగుడ్డ మీద పలుచగా పరిచి, పైన ఇంకో తడిగుడ్డ కప్పితే పొద్దుటికి నిగనిగలాడుతూ ఉంటుంది. పిల్లలతో ఆకు తెంపిద్దామని ఒక సార్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. తోటలో పని వాళ్ల చదువులో భాగం. వంటింటి చాకిరీ కాదు. ముఖ్యంగా అలాంటి పనికి పిలిస్తే ఎప్పుడూ ఆడపిల్లలే లేస్తారు.

సెప్టెంబరులో ఒక పళ్లెంలో చిన్న ఆకుపచ్చ పురుగు వచ్చింది. ఆరో తరగతి పాప. కేకలు, ఏడుపు, సగం మంది పళ్లేలు పక్కన పెట్టేశారు. సాయంత్రానికి ఊళ్లో పాకిపోయింది. మరునాడు ఆ పాప తండ్రి వచ్చి గట్టిగానే మాట్లాడాడు. "ఆలుగడ్డ పెట్టినన్నాళ్లు పురుగులు రాలేదు కదా" అన్నాడు. నేను క్షమించమని అడిగాను. అది మా తప్పే. ఆ రోజు ఆకు రెండు నీళ్లే కడిగారు, ఉప్పునీళ్లలో వేయలేదు. ఆయన్ని వంటగదికి తీసుకెళ్లి మేం మార్చినది చూపించాను. పెద్ద టబ్బులో ఉప్పు వేసిన నీళ్లు, పది నిమిషాలు నానాలి, ఆకును పైనుంచి ఎత్తి తీయాలి, నీళ్లు వంచకూడదు. వంచితే అడుగున దిగిన ఇసుక, పురుగులు మళ్లీ ఆకుతోపాటే వస్తాయి. తర్వాత మూడు మంచినీళ్లు. ఆయన మాట్లాడకుండా విన్నాడు. నెల తర్వాత ఆయన ఇంటి నుంచే రెండు సొరకాయలు వచ్చాయి. ఆ పురుగు మళ్లీ రాలేదు కానీ, ఆకుకూర రోజు పళ్లెం ముందు కూర్చుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

బడి తోట గురించి ఎక్కువమంది అడుగుతారు కానీ, నిజానికి అది మా కథలో చిన్న భాగం. 2019లో కేంద్రం బడి తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బడికి 5,000 రూపాయలు అని అందులో ఉంది. మేం బడి వెనక మూడు గుంటల్లో మళ్లు చేశాం. చేతులు కడిగే కుళాయిల నీళ్లు పైపులో మళ్లకు పారేలా పెట్టాం. ప్రహరీ వెంట మునగ, కరివేపాకు, నాలుగు బొప్పాయి మొక్కలు. మొదటిసారి మాగని పచ్చి పెంట వేయడంతో వేరుపురుగు పట్టి పాలకూర మడి మొత్తం పోయింది. సంక్రాంతి తర్వాత కోతులు వచ్చాయి. ఒక్క మధ్యాహ్నంలో చిక్కుడు పందిరి మొత్తం నేలమట్టం. పిల్లలు ఏడ్చారు, నేనూ నిలబడలేకపోయాను. పుంటికూర జోలికి మాత్రం అవి రాలేదు. ఇప్పుడు తోటలో ఆకుకూరలు, మునగ, కరివేపాకే. ఎంత బాగా పండినా వారంలో ఒక రోజుకు సరిపడా ఆకు వస్తుంది, అంతే. 140 మంది కడుపు మూడు గుంటలు నింపలేవు. తోట వల్ల వచ్చిన అసలు మేలు వేరే. తను నీళ్లు పోసిన పాలకూరను పిల్లవాడు పళ్లెంలో పక్కకు నెట్టడు.

చిరుధాన్యాల సంగతికి వస్తే, మాది దానికి పేరున్న ప్రాంతం. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి మా వైపు మహిళా సంఘాలు దశాబ్దాలుగా జొన్న, కొర్ర, సద్ద, తైద (రాగి) పండిస్తున్నాయి. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం కూడా వచ్చింది. సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పే పాత పంటల జాతరకు మా పిల్లలను తీసుకెళ్లాను. అయినా ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో మూడు పూటలా తినేది బియ్యమే. తైదల్లో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది దాకా. ఎదిగే పిల్లల ఎముకలకు ఈ తేడా చిన్నది కాదు.

సోమవారం కిచిడీలో నాలుగో వంతు కొర్రలు కలుపుదామనుకున్నాం. కొర్రబియ్యం ఇద్దరు రైతులు విరాళంగా ఇచ్చారు. మొదటిసారి బియ్యంతో పాటే వేసేసరికి బియ్యం మెత్తబడింది, కొర్రలు పలుకుగానే ఉండిపోయాయి. పిల్లలు "ఇసుక ఉంది టీచర్" అన్నారు. తర్వాత రెండు గంటలు నానబెట్టి, ముందుగా కొర్రలు సగం ఉడికాక పెసరపప్పు, బియ్యం వేశారు. నీళ్లు మామూలుకంటే కొంచెం ఎక్కువ. మూడో సోమవారానికి ఎవరూ ఏమీ అనలేదు, పళ్లేలు ఖాళీ అయ్యాయి. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కర్ణాటకలో సుమారు 1,500 మంది బడి పిల్లలకు మూడు నెలలు చిరుధాన్యాల భోజనం పెట్టి చూశారు. పిల్లలు ఇష్టంగా తిన్నారనీ, ఎదుగుదల మెరుగుపడిందనీ 2019లో ప్రచురించారు. మా అనుభవం అంత పెద్దది కాదు, కానీ "పిల్లలు తినరు" అనే మాటను నేనిక నమ్మను. సరిగ్గా వండితే తింటారు. జొన్న రొట్టెలు మాత్రం కుదరవు. 140 మందికి రొట్టెలు చేయమనడం ఆ ముగ్గురికి అన్యాయం. దానికి బదులు పదో తరగతి సాయంత్రం క్లాసులకు బొబ్బర్ల గుడాలు, పల్లీలు పెడుతున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చేనులో పండిన తిండి పెంచడమంటే గుడ్డు తీసేయడం కాదు. ఒకరిద్దరు నన్ను అలా అడిగారు. మా పిల్లల్లో చాలామందికి వారంలో దొరికే మంచి మాంసకృత్తులు ఆ గుడ్లే. వాటి జోలికి మేం వెళ్లలేదు, వెళ్లం. మేం మార్చింది గుడ్డు పక్కన ఉన్న నీళ్ల సాంబారును, ఆలుగడ్డ కూరను.

రక్తహీనత నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ముగ్గురిలో దాదాపు ఇద్దరికి రక్తహీనత ఉంది. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయే పిల్లలను ప్రతి టీచరూ చూసే ఉంటుంది. ఐరన్ మాత్రలు ఇస్తూనే ఉన్నాం. పప్పు, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. పులుపు, ముఖ్యంగా నిమ్మలోని సి విటమిన్ తోడైతే మేలుగా పడుతుంది. టీ తాగితే తగ్గుతుంది. ఇది పాఠంలో చెప్పి వదిలేయకుండా, ఆకుకూర పప్పు రోజు వడ్డించే ముందు గంజులో పది నిమ్మకాయలు పిండుతున్నాం. ఆ నిమ్మకాయలు ఊళ్లో మూడు ఇళ్ల నుంచి వస్తాయి. భోజనం అయ్యాక స్టాఫ్ రూమ్‌లో టీ తాగే అలవాటును నేను మూడు గంటలకు మార్చుకున్నాను. పిల్లలు చూస్తుంటారు కదా.

ఫలితం చూడటానికి మాకున్న కొలత మిగులు బకెట్. వేపచెట్టు కింద పిల్లలు పళ్లేలు దులిపే బకెట్‌ను రోజూ కాంటా మీద పెట్టాం. 2023 జూలైలో తొమ్మిది, పది కిలోలు ఉండేది. ఫిబ్రవరికి మూడు కిలోల్లోకి వచ్చింది. కూరగాయల తూకం పదిన్నర కిలోలు రోజూ దాటుతుందని చెప్పను. వారంలో నాలుగు రోజులు దాటుతుంది. మిగతా రెండు రోజులు ఎనిమిది దగ్గర ఆగుతుంది.

ధర విషయంలో గొడవలు పడ్డాం. మార్కెట్ ధరే ఇద్దామని మొదలుపెడితే జనవరిలో టమాటా రెండు రూపాయలకు పడింది. తెంపిన కూలి రాదు. వానాకాలంలో మళ్లీ మాకు అందనంత పెరిగింది. చివరికి ఒక్కో కూరగాయకు ఏడాది మొత్తానికి ఒకే ధర పెట్టుకున్నాం. ధర పెరిగిన రోజుల్లో ఒకరిద్దరు రైతులు అంగడికే తీసుకుపోయారు. వాళ్లను తప్పు పట్టలేం. ఉన్నవాళ్లతోనే నడిపాం. పిల్లల రేటు 2024 డిసెంబరులో 9.29కి, 2025 మేలో 10.17కి పెరగడంతో కొంచెం ఊపిరి ఆడింది. బిల్లుల ఆలస్యం మాత్రం తగ్గలేదు. గత చలికాలంలో పెట్టెలో పన్నెండు వందలే మిగిలిన వారం వచ్చింది. ఆ వారం ముగ్గురు రైతులు తమంతట తామే "వచ్చినప్పుడే ఇయ్యండి" అన్నారు. వాళ్ల మంచితనం మీద ఇలా నడపడం నాకు ఇష్టం లేదు. రెండో వంటామె ఆ నెలలోనే మానేసి పట్నంలో ఇళ్ల పనికి వెళ్లింది. నెలాఖరుకు జీతం చేతికొచ్చే పని అది. ఆమెను ఆపే మాట నా దగ్గర లేదు. ఆమె చోట్లోకి ఇంకొకరు వచ్చారు, ఆకు కడిగే పద్ధతి మళ్లీ మొదటి నుంచి నేర్పాం.

మిగిలిన ఒక చిక్కు జూన్ నెల. ఏప్రిల్ చివర బడి మూస్తాం, జూన్ 12న తెరుస్తాం. అప్పటికి పాత పంట అయిపోయి ఉంటుంది, కొత్తది చేతికి రాదు. రెండేళ్లూ ఆ మూడు వారాలు మళ్లీ ఆలుగడ్డే. ఈసారి పెద్ద వంటామె ఒరుగులు చేద్దామంది. ఫిబ్రవరి, మార్చిల్లో చవకగా వచ్చిన వంకాయ, గోరుచిక్కుడు కొని, ఉప్పునీళ్లలో కొంచెం ఉడికించి సంఘం ఇంటి మిద్దె మీద ఆరబోశారు. గలగలలాడేదాకా ఎండబెట్టారు. కొంచెం తేమ ఉన్నా బూజు పడుతుంది. మొత్తం తొమ్మిది కిలోల ఒరుగులు మూడు రేకు డబ్బాల్లో మూత బిగించి పెట్టాం. నానితే కొన్ని రెట్లు పెరుగుతాయి. సాంబారు రోజులకు అవి, పప్పు రోజులకు ప్రహరీ వెంట మునగాకు, ఊళ్లో చింతచిగురు. డబ్బాల మీద తేదీలు పదో తరగతి పిల్లలు రాశారు. ఈ జూన్‌లో వాళ్లు ఈ బడిలో ఉండరు. నిన్న ఆమె డబ్బా మూత తీసి, ఒక ఒరుగు విరిచి చప్పుడు విని, మళ్లీ మూత పెట్టింది. బాగానే ఉన్నాయంది.